గ్యాస్ పట్టేదాకా

"గంట నడవాలె సార్. గంటకు తక్కువైతే పని కాదు" అని సవరయ్య పంపు స్విచ్చి వేసి, చేతులు గుడ్డకు తుడుచుకుని, షెడ్డులో అవతలి వైపున్న జీపు కిందికి దూరిపోయాడు. పంపు గుర్రుమంటూ మొదలైంది. వెంకటనారాయణ చేతి గడియారం చూసుకున్నాడు. పదకొండు. ఒంటిగంటకు కూతురు ప్రమీల పరీక్ష రాసి బయటికొస్తుంది, ఆ వేళకు కాలేజీ గేటు ముందు కారుండాలి, కారులో ఏసీ నడుస్తూ ఉండాలి, వెనక సీటు చల్లబడి ఉండాలి, అంతే, ఈ రోజుకు తను చెయ్యాల్సిన పని అదొక్కటే, ఆ ఒక్కటీ తన చేతిలో లేదు. వైరా రోడ్డు మీద లారీలు పోతుంటే రేకుల షెడ్డు అదురుతోంది. తెల్ల అంబాసిడర్ నోరు తెరుచుకుని నిలబడి ఉంది. ఇంజను పక్కనుంచి రెండు రబ్బరు గొట్టాలు బయటికొచ్చి గడియారాల్లాంటి రెండు మీటర్లకు తగులుకున్నాయి. నీలం మీటరులో సూది సున్నా దాటి కిందికి దిగుతోంది. లోపలి గాలినంతా పంపు గుంజేస్తోందట, గాలితోబాటు తేమను కూడా, చుక్క మిగలకుండా. సవరయ్య చెప్పినప్పుడు అవునవునని తలాడించాడు, తెలిసినట్టు. తెలియదు. తెలిస్తే మూడు వారాల కింద తన వాకిట్లో ఆ పని చేసి ఉండేవాడు కాదా.

కూర్చోమని రెక్సిన్ చిరిగిన స్టూలు చూపించారు, కూర్చున్నాడు, లేచాడు, మళ్ళీ కూర్చున్నాడు. ఇంకొకడు పని చేస్తుంటే తను చేతులు ముడుచుకుని కూర్చోవడం అతనికి అలవాటు లేదు. ఆయిల్ ఇంజను ఆగిపోయినా, బావి మోటారు కాలిపోయినా, మిరప మందు కొట్టే స్ప్రేయరు పట్టేసినా పెనుబల్లి అవతల అడవి అంచు ఊళ్ళన్నిటి నుంచీ తన దగ్గరికే వస్తారు, నారాయణగారి చెయ్యి పడితే చాలంటారు, ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో, నలభై ఎనిమిదేళ్ళొచ్చినా ఆ తీపి విరగలేదు. నాన్న కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ పొదలు కొట్టి భూమి చేసినప్పుడు మెకానిక్కు కావాలంటే రోజంతా బండిలో పోవాలి, పోయినా వాడు దొరకడు, అందుకే నాన్న అన్నీ తనే విప్పేవాడు, తనే బిగించేవాడు, పట్టుకోరా అని తనతో పట్టించేవాడు. స్పెషలిస్టులు ఎవరి కోసమున్నారు? చెయ్యి చేతగానివాళ్ళ కోసం. ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో. భార్య రత్నం దగ్గర ఎన్నిసార్లు అన్నాడో. సూది ఇంకాస్త దిగింది. ఎంత దిగితే చాలు? అడగాలనిపించింది. జీపు కిందనుంచి సవరయ్య కాళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి, తాపీగా, ఒకదాని మీద ఒకటి వేసుకుని, ప్రపంచంలో ఎవరికీ ఏ తొందరా లేనట్టు.

ఆ తాపీతనమే ఒళ్ళు మండిస్తోంది. పొద్దున పదింటికి ప్రమీలను లోపలికి పంపి, గేటు దగ్గర రత్నాన్ని ఐసుగడ్డల డబ్బాతో కూర్చోబెట్టి, పది నిమిషాల్లో ఇక్కడికొచ్చాడు. వచ్చిన మనిషిని సవరయ్య ఏమీ అడగలేదు, బండి చుట్టూ ఒకసారి తిరిగాడు, బానెట్ ఎత్తాడు, పైపుల వెంట వేలు పెట్టుకుంటూ పోయి ఒకచోట ఆగాడు. కువైట్‌లో పదకొండేళ్ళు కార్ల ఏసీలే చేసొచ్చాడట, ఖమ్మంలో ఏసీ కారున్న డాక్టర్లూ కాంట్రాక్టర్లూ అందరూ ఇక్కడికే వస్తారట. ఆ వేలు ఆగిన చోటు వెంకటనారాయణకు తెలుసు. "ఇదేంది సార్?" అన్నాడు సవరయ్య. రెండు పైపులు కలిసే చోట నట్టు చుట్టూ జనపనార, దాని మీద తెల్ల రంగు, నీళ్ళ పైపులకు చుట్టినట్టు చక్కగా, మూడు చుట్లు. "ఇది నల్లా అనుకున్నరా ఎవరన్న? ఎవరు పెట్టిండ్రు దీనికి గ్యాస్?" అప్పుడు నోట్లోంచి వచ్చేసింది. "ఎవడో, సత్తుపల్లిలో ఐసు ఫ్యాక్టరీ వాడు. మాకేం తెలుసు." ఎంత సులువుగా వచ్చింది! ఆ ఐసు ఫ్యాక్టరీ వాడు పాపం గ్యాస్ టిన్నులు రెండు ఇచ్చాడంతే, పైగా ఇస్తూ, ఫ్రిజ్జుకైతే నాకు తెలుసు, కారుకైతే తెలియదు బాబూ, తెలిసినవాళ్ళతో చేయించండి అని కూడా అన్నాడు. సవరయ్య నార విప్పాడు, ఒక్కో పోగూ తీసి కింద వేశాడు, నట్టు తిప్పి చూస్తే లోపలి రాగి అంచు చిట్లి ఉంది, గోరుతో గీసినట్టు సన్నగా. "గట్టిగ బిగించిండ్రు. ఇది బలం పని కాదు" అన్నాడు. ఆ తర్వాత అన్న మాట ఇంకా చెవిలో ఉంది. "గ్యాస్ ఏమన్న పెట్రోలా సార్, అయిపోనీకి? లోపల్నే తిరుగుతుంటది. తగ్గిందంటే యాడనో కారుతున్నట్టే గదా. కారేది చూడకుంట మీదికెళ్ళి పోస్తే ఏం లాభం?" రాగి అంచు కోసేసి కొత్తది చేసి, సబ్బు నురగ రాసి, బుడగ రావడం లేదని మూడుసార్లు చూసి, అప్పుడు పంపు పెట్టాడు. అదీ జరిగింది. అంతసేపూ వెంకటనారాయణ కుడిచెయ్యి ప్యాంటు జేబులోనే ఉంది.

జేబులోంచి తీసి చూసుకున్నాడు. చూపుడు వేలు, మధ్య వేలు, చివర్లు నల్లబడి తోలు లేస్తోంది. కాలినట్టే ఉంటుంది గానీ కాలడం కాదు, చలి. టిన్ను మూతి దగ్గర గ్యాస్ చిమ్మినప్పుడు వేళ్ళు అతుక్కుపోయినంత పనైంది, నిప్పు తగిలినట్టు చెయ్యి లాక్కున్నాడు, మే నెల ఎండలో చలికి బొబ్బలు! ఎవరికైనా చెప్తే నవ్వుతారని చెప్పలేదు. నూనె రాసుకున్నాడు. ఆ రోజు వాకిట్లో ఎంత హుషారు. టిన్నులోంచి గ్యాస్ మెల్లగా ఎక్కుతోంది, మెల్లగా అంటే మరీ మెల్లగా, ఇంజను నడుస్తోంది, పెట్రోలు తాగుతోంది, రత్నం అరుగు మీద నిలబడి చూస్తోంది, "మామయ్యా, ఖమ్మంలో కార్ల ఏసీలు చేసేవాళ్ళున్నారంట, ఒకసారి చూపిద్దాం" అని పొద్దుటే అనేసి ఊరుకుంది, ఆమె ఏదైనా ఒకసారే అంటుంది, రెండోసారి అనదు, ఆ చూపు మాత్రం వీపుకు తగులుతూనే ఉంటుంది. ఆ చూపు కిందే టిన్నును వేణ్ణీళ్ళ గిన్నెలో పెట్టి తలకిందులు చేశాడు. జల్దీ ఎక్కింది. బుసబుసమని ఎక్కింది. ఇంజను దగ్గర టకటకమని ఏదో చప్పుడైంది, గాలి పోయి ఉంటుందిలే అనుకున్నాడు, అంతలో ఆగిపోయింది. ఆ వెంటనే చల్లగాలి! లోపల కూర్చున్న ప్రమీల కిటికీ అద్దానికి అరచెయ్యి ఆనించి నవ్వింది. పొలంలో పని చేసే ముత్తక్క పరుగెత్తుకొచ్చి గాలి వచ్చే జాలీ దగ్గర చెయ్యి పెట్టి తన కోయమాటల్లో ఏదో అంది, అందరూ నవ్వారు. అప్పుడు రత్నం వైపు చూశాడు, చూశావా అన్నట్టు. ఆ చూపును ఇప్పుడు వెనక్కి తీసుకోగలిగితే.

నాలుగు రోజులు. సరిగ్గా నాలుగు రోజులు పనిచేసింది. అయిదో రోజు సత్తుపల్లిలో మోడల్ టెస్టు రాయించుకుని వస్తుంటే మధ్యాహ్నం రెండింటికి జాలీలోంచి వేడిగాలి మొదలైంది. ప్రమీలకు చెమట పట్టదు. పుట్టుకతోనే పట్టదు, ఒంట్లో చెమట గ్రంథులే లేవు, మనందరికీ ఎండలో ఒళ్ళు తడిసి ఒళ్ళే చల్లబడుతుంది, ఆ పిల్లకు ఒళ్ళు కాగుతుంది, కాగుతూనే ఉంటుంది, జ్వరం లేకుండానే నూట నాలుగుకు పోతుంది. అందుకే ఆ కారు కొన్నది. కొత్తగూడెంలో బదిలీ మీద పోతున్న ఆఫీసరు హైదరాబాదులో ఏసీ పెట్టించుకున్న పాత అంబాసిడర్ అమ్ముతున్నాడంటే, దర్జాకు కొంటున్నాడని ఊరంతా అనుకున్నా సరే అని కొన్నాడు. రత్నం తడిగుడ్డ పిండి కప్పుతోంది, పిల్ల ముఖం కందిపోయింది, ప్రశ్నలడిగితే జవాబు రావడం లేదు, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ చూడటం లేదు. కారాపాడు. దిగాడు. దిగి ఏం చేశాడు? బానెట్ ఎత్తాడు! స్పానరు తీసి నట్టు బిగించాడు! రోడ్డు పక్క చేలో కరెంటు మోటారు నడుస్తుంటే రత్నం ఒక్కతే ఆ పదిహేడేళ్ళు దాటిన పిల్లను భుజానికెత్తుకుని గట్టు దిగి పోయి నీళ్ళ కింద కూర్చోబెట్టింది. తను తలెత్తి చూసేటప్పటికి ఇద్దరూ తడిసి ముద్దయి ఉన్నారు, పిల్ల దగ్గుతోంది, మాట్లాడుతోంది. తన చేతిలో స్పానరు. రత్నం ఏమీ అనలేదు. ఒక్క మాటంటే ఎంత బాగుండేది. తిట్టి ఉంటే తనూ తిరిగి తిట్టి ఉండేవాడు, అక్కడికి అది తెగిపోయేది. అనకపోబట్టే ఇంటికెళ్ళి నార చుట్టి రంగు పూసి రెండో టిన్ను కూడా ఎక్కించాడు. నిన్న ఇంటి దగ్గర బానే ఉంది. తెల్లవారకముందే బయల్దేరితే తల్లాడ దాటేదాకా బానే ఉంది. తల్లాడ దాటాక మళ్ళీ అదే వేడిగాలి. అప్పుడు ప్రమీలే అంది, "పర్లేదు నాన్నా, అద్దాలు దించు, పొద్దున్నే కదా" అని.

పరీక్ష హాలు పైకప్పు ఏమిటో చూడలేదు. పెంకులా, సిమెంటు కప్పా, రేకులా? రేకులైతే? కిటికీ పక్కన సీటు పడిందా, ఫ్యాను కింద పడిందా? తడి తువ్వాలు లోపలికి పట్టుకెళ్ళనివ్వడానికి సూపరింటెండెంటు ఎన్ని ప్రశ్నలడిగాడు, తువ్వాలులో చీటీలు దాచుకుంటుందన్నట్టు దులిపించాడు, హైదరాబాదు డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం, పద్నాలుగేళ్ళ నాటిది, మడతల దగ్గర చిరిగింది, అది చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. ప్రమీల ఆ కాసేపూ తల వంచుకోలేదు. పిల్లలందరూ చూస్తున్నారు, పలచటి జుట్టును, సూదుల్లాంటి నాలుగు ముందుపళ్ళను. ఆ పిల్ల సూపరింటెండెంటు ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఎంసెట్ రాసి ఇంజనీరు అవుతానంటుంది. ఎండలో నిలబడి చేసే ఉద్యోగమేమో తల్లీ అంటే, మిషన్లు చల్లగా ఉండే గదుల్లోనే పెడతారు నాన్నా, మిషన్లకైనా తెలుసు అంటుంది.

గడియారం పదకొండుంపావు దాటింది. ఇంకా ఎంతో పని ఉంది. సూది ఇప్పుడు అడుక్కంటా దిగి నిలబడినట్టే ఉంది, మరి నిలబడ్డాక ఇంకెందుకు గంట? ఇంకా గుంజడానికి ఏముంది లోపల? అడుగుదామని లేవబోయాడు. అంతలో పంపు గొంతు మారింది, మూలిగింది, ఆగిపోయింది. పైన ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. కరెంటు పోయింది.

జీపు కిందనుంచి సవరయ్య మెల్లగా జరిగొచ్చి, మీటర్లకు అడుగున ఉన్న పిడులు రెండూ బిగించాడు. "గాలి ఎనక్కి పోకుంట మూసిన. కరెంటొస్తే మళ్ళ పెడత" అన్నాడు.

"ఎప్పుడొస్తుంది?"

"ఆల్లకు తెల్వాలె సార్."

మళ్ళీ జీపు కిందికి పోయాడు. ఇప్పటిదాకా ఆ పంపు చప్పుడు ఎంత విసుగ్గా ఉందో, అది లేకపోతే అంతకన్నా అధ్వాన్నంగా ఉంది, ఎందుకంటే ఆ చప్పుడు ఉన్నంతసేపు ఏదో జరుగుతోంది. ఇప్పుడేమీ జరగడం లేదు. కరెంటు ఇక్కడే పోయిందా, కాలేజీలో కూడా పోయిందా? పోతే హాల్లో ఫ్యాను? లేచి రోడ్డు మీదికి నడిచాడు, ఎండ నెత్తి మీద కొట్టింది, ఎదురుగా టీకొట్టు రేడియో కూడా ఆగిపోయింది, ఇక్కడ పోతే అక్కడా పోయినట్టే, వెనక్కొచ్చాడు. చొక్కా వీపుకు అతుక్కుంది. మెడ మీదనుంచి చెమట కారుతోంది, మోచేతుల దగ్గర, కళ్ళలోకి, ఉప్పగా, ధారగా. తన ఒంట్లో ఇంత చెమట. ఏం చేసుకోవాలి దీన్ని?

చెమట పడితే జ్వరం దిగుతుంది. నాన్న అనేవాడు, అందరూ అనేవాళ్ళు, తనూ అన్నాడు. డెబ్భై ఏడు, మే నెల. ఆ పేరు తను పలకడు. తమ మొదటి బిడ్డ, తాత పేరు పెట్టుకున్న పిల్లాడు, వెంకటప్పయ్య అని పిలవలేక అందరూ అప్పీ అనేవాళ్ళు. రెండేళ్ళు. ఎండాకాలం రాగానే జ్వరం, ఎండాకాలం పోగానే జ్వరం పోయేది, పళ్ళు రావడం ఆలస్యమవుతోందని అదే జ్వరమని అమ్మలక్కలు అన్నారు. సత్తుపల్లి దవాఖానాకు తీసుకెళ్దామని రత్నం అంది. చిన్న జ్వరానికి డాక్టరెందుకు, మిరియాల కషాయం పెట్టి దుప్పటి కప్పితే చెమట పట్టి దిగిపోతుంది అన్నాడు. తనే కప్పాడు. ఒకటి కాదు, రెండు. తలుపులు మూశాడు, గాలి తగలకూడదని. పక్కనే కూర్చుని అంచులు నొక్కిపెట్టాడు, పిల్లాడు కాళ్ళతో తన్నేస్తుంటే. నుదురు తడిమి చూశాడు, పట్టలేదు చెమట, ఇంకా పట్టలేదు, ఇంకాసేపు. "మామయ్యా, దుప్పటి తీసెయ్, వాడికి ఊపిరాడటం లేదు" అని రత్నం చెయ్యి వేసింది. ఆ చెయ్యి తోసేశాడు. నీకేం తెలుసు అన్నాడు. ఇరవై ఏళ్ళ పిల్ల అప్పుడు, తన సొంత అక్క కూతురు, తన చేతుల్లో పెరిగిన పిల్ల, ఊరుకుంది.

ఆ మరుసటి ఏడు ప్రమీల పుట్టింది. ఈ పిల్లకూ అవే జ్వరాలు. అప్పుడు మాత్రం దుప్పటి కప్పలేదు, ఎందుకు కప్పలేదో తనకు తెలియదు, చెయ్యి రాలేదు, అంతే. ఎండ ముదిరితే ముత్తక్క పిల్లను ఎత్తుకుపోయి వాగులో తడి ఇసక తవ్వి మెడదాకా అందులో కూర్చోబెట్టేది. ఒకసారి చూసి కేకలేశాడు, జ్వరం పిల్లను నీళ్ళలో పెడతావా అని. ముత్తక్క భయపడలేదు, "నువ్వే చూడు దొరా, ఆడుకుంటున్నది" అంది. నిజంగానే ఆడుకుంటోంది. ఇసక ముద్దలు చేసి తన మీదికి విసిరింది. అయినా బుద్ధి రాలేదు. నాలుగేళ్ళొచ్చాక రత్నం ఒకరోజు చీరలు సర్దుకుని, నువ్వు రాకపోతే నేనే తీసుకెళ్తా అంటే, హైదరాబాదు పెద్దాసుపత్రికి పోయారు. తెల్లజుట్టు డాక్టరమ్మ, మందుల పేర్లేమీ చెప్పలేదు, పిల్ల పళ్ళు చూసింది, కనుబొమలు చూసింది, అరచెయ్యి తిప్పి వేలితో రాసి చూసింది. "ఈ పాపకు ఎప్పుడైనా చెమట పట్టడం చూశారా?" అంది. చూశాననబోయాడు. నాలుగేళ్ళు వెనక్కి వెతుక్కున్నాడు. లేదు. ఒక్కసారీ లేదు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు ఆమెకు. తర్వాత కాగితం మీద రాసుకుంటూ అడిగింది. మేనరికమా? అవునండి, అక్క కూతురు. ఈమెకు ముందు ఎవరైనా? ఒక బాబండి. పోయాడు. ఏమొచ్చింది? జ్వరం. ఏ నెల? మే నెల. డాక్టరమ్మ కలం ఆపింది. రత్నం కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆ గదిలో ముగ్గురికీ తెలిసిపోయింది, ఆ తెలిసింది ఆ గదిలోనే వదిలేసి వచ్చినట్టు ఇద్దరూ బస్సెక్కారు. ఆ తర్వాత ఒక్కరోజు కూడా, ఒక్క పూట కూడా, ఆ మాట ఇంట్లో రాలేదు.

ఫ్యాను కదిలింది. సవరయ్య లేచొచ్చి పంపు మళ్ళీ వేశాడు. పన్నెండుకు పది నిమిషాలు తక్కువ.

"ఇంక గంటెందుకు? ఇందాక పావుగంట పైనే నడిచింది కదా. పది నిమిషాలు నడిపి గ్యాస్ పెట్టెయ్యి" అన్నాడు వెంకటనారాయణ.

"కాదు సార్. లోపల తేమ ఉంటది. గ్యాస్ తోటి కలిస్తే గడ్డకట్టి పైపు మూసుకపోతది."

"మూసుకుపోతే పోనీ. ఇవాళ ఒక్కరోజు నడిస్తే చాలు నాకు. చెప్పినట్టు చెయ్యి."

సవరయ్య అతని ముఖంలోకి చూశాడు. "చెప్పినట్టు చేసెటోడు కావాలంటే సత్తుపల్లికే పోన్రి. గీ గొట్టాలు తీసేస్త. నా చేత్తోని మాత్రం గిట్ల పెట్టను."

కోపం నెత్తికెక్కింది. ఎవడనుకుంటున్నాడు వీడు? ఎత్తిన చెయ్యి, నల్లబడిన వేళ్ళతో, ఇద్దరి మధ్యా ఉంది. సవరయ్య ఆ వేళ్ళ వైపు చూసి చూడనట్టు తల తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడంలో ఎగతాళి లేదు, అదే తట్టుకోలేకపోయాడు. "నేనే పెట్టాను" అన్నాడు. "ఐసు ఫ్యాక్టరీ వాడు కాదు. నార కూడా నేనే చుట్టా."

"తెల్సు సార్. బండి దిగంగనే చూసిన మీ ఏళ్ళు" అన్నాడు సవరయ్య. "నాకూ కాలినయ్ కువైట్‌ల, మొదట్ల." గుడ్డకు చెయ్యి తుడుచుకుంటూ అడిగాడు. "టిన్ను నిలువుగ పట్టిండ్రా, తల్లకిందులు పట్టిండ్రా?"

"తలకిందులు."

సవరయ్య ఆ మాట విని, నోట్లో ఏదో నమిలినట్టు దవడ కదిలించి, మీటరు దగ్గరికి పోయాడు. ఎందుకడిగాడు? అడిగి ఎందుకు ఊరుకున్నాడు? ఆ ఊరుకోవడం వెంకటనారాయణకు బాగా తెలుసు, ఇంట్లో రోజూ చూసేదే. వేడి ఇంకా పెరిగింది. ఆ నలభై నిమిషాలూ ఏం ఆలోచించాడో తనకే తెలియదు. హాల్లో ప్రమీల పెన్ను పట్టుకుని ఉంది, తువ్వాలు ఎండిపోయి ఉంటుంది, ఎండిన తువ్వాలు మళ్ళీ తడిపేవాళ్ళుంటారా, లేచి అడుగుతుందా, అడగదు, లెక్క సగంలో ఉంటే అస్సలు అడగదు, తన కూతురే కదా.

పన్నెండున్నర దాటాక పంపు ఆపారు. సూది కదలకుండా ఉంటుందా లేదా అని మళ్ళీ కాసేపు చూశారు. కదల్లేదు. సవరయ్య సిలిండరు తగిలించి, నిలువుగా పెట్టి, పిడి వెంట్రుకవాసి తిప్పి, ఇంజను వేయించాడు. వెంకటనారాయణ స్టీరింగు ముందు కూర్చుని జాలీ మీద అరచెయ్యి పెట్టాడు. గాలి వస్తోంది. వేడి. ఇప్పుడే కదా మొదలైంది. వేడి. కాస్త తగ్గిందా? ఇటు చెయ్యి మార్చాడు. తగ్గిందనిపించింది, లేదనిపించింది. ఎత్తిన బానెట్ పక్కనుంచి సవరయ్య ముఖం కనిపిస్తోంది. రెండు సూదులూ ఒకదాన్నొకటి విడిచి, ఒకటి పైకీ ఒకటి కిందికీ పోవాలి, అట్లా చెప్పాడు ఇందాక. విడిపోలేదు కాబోలు, సవరయ్య చెయ్యి ఊపాడు, ఆపెయ్యమని.

"కంప్రెసర్ పోయింది సార్" అన్నాడు కిటికీ దగ్గరికొచ్చి. "తల్లకిందులు పడితే గ్యాస్ నీళ్ళ లెక్క పోతది లోపలికి. కంప్రెసర్ నీళ్ళను నొక్కలేదు. లోపల వాల్వు రేకులు పలిగిపోయినయ్. గ్యాస్ పట్టిందాక గా సంగతి కనవడదు. విజయవాడ నుంచి తెప్పియ్యాలె. రెండు దినాలు."

ఆ టకటక చప్పుడు. నాలుగు రోజులు పనిచేసిందని మురిసిపోయాడే, అది విరిగిన రేకులతోనే ఇవాళ తల్లాడ దాకా ఈడ్చింది. ఇప్పుడు ఏం తన్నాలి, ఎవరిని తిట్టాలి? స్టీరింగు మీద చేతులు అట్లాగే ఉన్నాయి. ఒంటిగంటకు పదమూడు నిమిషాలు. సవరయ్య కారు తలుపు తెరిచి పట్టుకున్నాడు. "దిగున్రి సార్. ఆటోల పోయి బిడ్డను ఇక్కడికి తేన్రి. షెడ్డు ఎనక మా ఇల్లు. కూలరుంది. మా ఇంటిది విశ్రాంతమ్మ బండలు కడిగి పెడతది. పొద్దుగూకినంక పోవచ్చు."

ఆటోలో దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాడు. గేటు దగ్గర దిగాడు. పిల్లలు బయటికొస్తున్నారు, ప్రమీల అందరికన్నా ముందే వచ్చి గోడ పక్క కుళాయి కింద తల పెట్టి ఉంది, పంజాబీ డ్రెస్సంతా తడిసి కాళ్ళకు చుట్టుకుంది, రత్నం ఐసుముక్క మెడ మీద రాస్తోంది. ముఖం ఎర్రగా ఉంది. కానీ చూస్తోంది, మనుషుల్ని గుర్తుపట్టేటట్టే చూస్తోంది. "నాలుగు బిట్లు వదిలేశా నాన్నా, ఫిజిక్స్‌లో. కరెంటు పోయింది మధ్యలో" అంది. తర్వాత రోడ్డు వైపు చూసి, "కారేది?" అంది.

"కంప్రెసర్ పోయిందమ్మా. నేనే పాడు చేశాను."

ప్రమీల జుట్టు నీళ్ళు పిండుకుంది. "ఆ రోజు టకటకమన్నప్పుడే అనుకున్నా" అంది. "లోపల కూర్చుంది నేనే కదా. చెప్తే ఊరుకుంటావా నువ్వు?"

సవరయ్య ఇంట్లో బండలు నిజంగానే తడిగా ఉన్నాయి. విశ్రాంతమ్మ పిల్లను కూలరు ముందు చాప మీద పడుకోబెట్టి, మజ్జిగ తాగించి, "పండుకో బిడ్డా, ఎవ్వల్లేపరు" అని తలుపు దగ్గరగా వేసింది. ప్రమీల కాసేపట్లోనే లేచి కూర్చుని, లోపలికొచ్చిన సవరయ్యను, రెండు సూదులు ఎందుకు విడిపోవాలి అని అడగడం మొదలుపెట్టింది. అతను పంపు కట్టినప్పటికన్నా ఓపిగ్గా చెబుతున్నాడు. వెంకటనారాయణ ఆ గుమ్మం దాటి లోపలికి పోలేదు. బయట మెట్టు మీద రత్నం కూర్చుని ఉంది, తడిసిన కొంగు ఆరబెట్టుకుంటూ. ఆమె పక్కన కూర్చున్నాడు. ఎండ వాకిలంతా పరుచుకుని ఉంది.

ఆమె వైపు తిరిగాడు. "రత్నం. అప్పీ అప్పుడు... దుప్పటి తియ్యమన్నావు నువ్వు."

కొంగు మీద ఆమె చేతులు ఆగాయి. రోడ్డు మీద బస్సు ఒకటి పోయింది, దాని దుమ్ము మెల్లగా దిగింది.

"అవును. అన్నా" అంది. "పంతొమ్మిదేళ్ళ నుంచి చూస్తున్నా, ఎప్పుడడుగుతావా అని."

అతను తన చేతుల వైపు చూసుకుంటూ ఉండిపోయాడు. చెమట కనురెప్పల మీదనుంచి కారి మోకాళ్ళ మీద పడుతోంది, అది చెమటేనా కాదా అని రత్నం చూడలేదు. ఇంకా ఏదో అనబోయాడు. ఆమె వద్దన్నట్టు తలాడించింది. గోడ వైపు కొంచెం జరిగి, తన పక్కన నీడలో జానెడు చోటు చేసింది.

"ఎండలో కూర్చున్నావు మామయ్యా" అంది. "ఇటు జరుగు."